మర మెడ మీద మచ్చ

అమ్మ కాఫీ మరని ఒళ్ళో పెట్టుకుని వంటింట్లో గడియ వేసుకుని అప్పటికి గంటన్నర.

హాల్లో బాబాయి పచార్లు చేస్తున్నాడు. సోఫా అంచున పిన్ని కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిసంచి, సంచి మీద రెండు చేతులు, దిగాల్సిన స్టాపు ఎప్పుడొస్తుందో తెలియని బస్సులో కూర్చున్నట్టు. భోజనాల బల్ల మీద నల్లగుడ్డ, గుడ్డ చుట్టూ మూడు దీపాలు, దీపాల మధ్య స్టాండు మీద కెమెరా. కెమెరా ముందు ఖాళీ. ఫొటో దిగాల్సినది వంటింట్లో ఉంది.

"వదినా! నేను వచ్చింది మరకి ఫొటో తీయించడానికి. నీ చేత పరువు తీయించుకోడానికి కాదు!" అన్నాడు బాబాయి, తలుపుతో.

"తీసేది ఏదైనా నా కూతురే తీస్తుంది. నువ్వు కూర్చో," అంది తలుపు.

బాబాయి కూర్చోలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత ఈ గడప తొక్కిన మనిషికి ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియడం లేదు. అందరి ఇళ్ళలోనూ సగం పగళ్ళు, సగం రాత్రులు. ఈ రెండిళ్ళ మధ్య మాత్రం ముప్పై ఏళ్ళుగా అన్నీ పగలే.

"అమ్మడూ, నువ్వైనా చెప్పు," అని కెమెరా వెనక నిలబడ్డ ఆ కూతురి వైపు, ఫొటోగ్రాఫరు వైపు తిరిగాడు. "అయిదింటికి ప్రెస్సు ఆయన మొదటి పేజీ మూసేస్తాడు. ఆదివారం మన వర్క్‌షాపు యాభై ఏళ్ళ సభ. లేతు మీద పనిచేసి రిటైరైన టర్నర్లందరినీ పిలిచాను. అందరికీ తలో జ్ఞాపిక పుస్తకం. మొదటి పేజీ ఖాళీగా ఇవ్వమంటావా?"

"ఖాళీగా ఎందుకు బాబాయ్? కింద మీ పేరు ఎలాగూ ఉందిగా."

బాబాయి పచార్లు ఆగాయి. పిన్ని చేతిసంచి గొళ్ళెం ఒకసారి తెరిచి మూసింది. టక్.

ఆ పేజీలో పడబోయే అక్షరాలు ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పైన 'తొలి మర'. కింద 'రూపకర్త' అని, దాని పక్కన బాబాయి పేరు. వర్క్‌షాపుకి పేరు తెచ్చింది ఆ మర. బాబాయికి పేరు తెచ్చింది కూడా ఆ మరే. దాన్ని ఆకురాయితో ఒక్కొక్క పన్నూ దిద్ది తయారుచేసిన మనిషికి మాత్రం మిగిలింది మసి.

ఇనుముని అరగదీసే ఆ పనిముట్టు పేరే వర్క్‌షాపులో అమ్మకి పెట్టారు. ఆకురాయి. చేతిలో ఒకటి, నోట్లో ఒకటి ఉండేవని టర్నర్లు అనుకునేవారు. చేతిలోది భర్త పోయిన నెలకి మరిది తీసేసుకున్నాడు. నోట్లోది ఇంకా అరగలేదు.

ఫొటోగ్రాఫరు తలుపు మీద రెండు వేళ్ళతో కొట్టింది.

"అమ్మా, నేనే. ఒక్కదాన్నే."

"తలుపు కింద నాలుగు కాళ్ళు కనిపిస్తున్నాయి."

"బాబాయ్, మీ రెండూ అవతలికి తీసుకెళ్ళండి."

గడియ తీసిన చప్పుడైంది. జానెడు తలుపు తెరుచుకుంది. ఫొటోగ్రాఫరు పక్కకి తిరిగి లోపలికి దూరింది. గడియ మళ్ళీ పడింది.

అమ్మ ఏడుస్తుంటుందనుకుంది. అమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి. కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం, అది కూడా కూతురి పెట్టెలోంచి తీసుకున్నదే. గ్యాసు సిలిండరు పక్కన పీట వేసుకుని, మర గరాటు ఊడదీసి నేల మీద పెట్టి, మెడలోకి బొటనవేలు పెట్టి తడుముతోంది, గొంతు నొప్పన్న పిల్లని డాక్టరు చూసినట్టు.

"పాలిష్ పెట్టించాడు చూశావా?" అంది. "మొహం కడిగి, పౌడరు రాసి తెచ్చాడు."

"నా ఏడుపూ అదే. మెరిసేదాన్ని దగ్గర్నుంచి తియ్యడం ఎంత కష్టమో తెలుసా? ఇల్లంతా అందులో కనిపిస్తుంది."

"ఇంటి సంగతి వదిలెయ్. ఇది కనిపిస్తుందా, చెప్పు."

గరాటు కూర్చునే మెడ లోపలి అంచు మీద బొటనవేలి గోరంత మేర చదునుగా ఉంది. చుట్టూ గుండ్రం, అక్కడ మాత్రం చదును. ఫొటోగ్రాఫరుకి ఆ చోటు చిన్నప్పటి నుంచీ తెలుసు. చూసి కాదు, విని. అమ్మ తాను చేసిన ప్రతి వస్తువు మీదా మూడు చుక్కలు కొట్టేది. చిన్న సుత్తి, చిన్న ఉలి, మూడు దెబ్బలు. ఈ మర మీద ఆ చుక్కలు లేవు. గీకేసి ఉన్నాయి. అమ్మ ఆ మాట అన్నప్పుడల్లా కూతురికి బాబాయి చెయ్యి కనిపించేది.

"దీపం పక్కనుంచి వాల్చి వేస్తే చీమ అడుగుజాడ కూడా కనిపిస్తుంది," అంది ఫొటోగ్రాఫరు.

"పోలేదు కదా? పాలిష్‌లో పోయిందేమోనని హడలిపోయాను. అందుకే లాక్కొచ్చాను."

"పోలేదు. అమ్మా, విను. బాబాయికి నాలుగు రోజులు కుదరదన్నదాన్ని అయిదో రోజు ఎందుకు ఒప్పుకున్నాననుకున్నావు? ఈ చోటు కోసమే. పేజీ అంత చేసి వేయిస్తాను. కింద ఆయన పేరు, పైన ఆయన చేసిన పని. ఆదివారం నాడు ఆయన సభలో, ఆయన పుస్తకంలో, ఆయన చేతులతోనే పంచిపెట్టాలి."

అమ్మ మరని రెండు చేతులా ఎత్తి కూతురికి అందించింది.

"ముందు తియ్యి," అంది. "దగ్గరగా తియ్యి."

మర నల్లగుడ్డ మీదకి చేరింది. ఫొటోగ్రాఫరు కెమెరాని పైనుంచి కిందికి వంచి, కళ్ళు చికిలించి తెర చూసింది. చూసి నిట్టూర్చింది.

"ఏమైంది?" అన్నాడు బాబాయి.

"మెడ చుట్టూ మీరే ఉన్నారు."

నిజమే. మెరుగు పెట్టిన ఇత్తడి మీద బాబాయి వంగి చూస్తున్న మొహం, సాగిపోయి, మర మెడకి మఫ్లరులా చుట్టుకుని ఉంది.

"మొదట్నుంచీ దాని మెడకి చుట్టుకున్నది ఆయనేగా," అని వంటింట్లోంచి వినపడింది.

"విన్నావా? విన్నావా మీ అమ్మ మాట?"

"వెనక్కి జరగండి బాబాయ్. ఇంకా. గోడ దాకా. ఆఁ, అక్కడ."

తెల్ల కాగితాలతో మర చుట్టూ చిన్న గుడారం కట్టింది. మెరుపు చచ్చింది. ఒక దీపం తీసి బల్ల మట్టానికి దించి, పక్కనుంచి వాల్చింది. అప్పుడు తెర మీద మెడ లోపలి అంచు మెల్లగా పైకి తేలింది. గీతలు. సన్నని, ఒత్తు గీతలు. వాటి మధ్య మూడు తెల్ల చుక్కలు.

ఫొటోగ్రాఫరు తెర మీదకి ఇంకా వంగింది.

ఆకురాయి పైపైన గీకింది. ఉలి దెబ్బ లోతుకి దిగింది. అడుగున సూదిమొన అంత గుంట మిగిలింది. ముప్పై ఏళ్ళు ఎవరికీ కనపడని ఆ మూడు గుంటల్లో, మొన్న బాబాయి పూయించిన పాలిష్ తెల్లగా పేరుకుని ఎండిపోయింది. గుడ్డతో తుడిచినవాడు తుడవగలిగిందంతా తుడిచాడు. తుడవలేనిది మిగిలింది. మర మీద మరక అక్కర్లేదని మెరుగు పెట్టించినవాడు తన చేతులారా మర్మానికి సున్నం వేయించాడు.

"ఎవరూ కదలొద్దు," అంది. గొంతులో ఏదో పండగ చేసుకుంటున్నట్టుంది. "ఇంత దగ్గర్నుంచి లెన్సుకి చూపు ఆనదు. వెంట్రుక మందం మేరే స్పష్టంగా కనిపిస్తుంది. కాస్త కాస్త జరుపుతూ ముప్పై ఆరు ఫొటోలు తీసి ఒకటిగా అతికిస్తాను. మధ్యలో నేల అదిరిందా, మళ్ళీ మొదటికే. నడవద్దు, కాళ్ళు ఊపొద్దు."

క్లిక్.

"వదినకి నా మీద ఇంకా కోపమేనా?" అన్నాడు బాబాయి.

"మాట్లాడొద్దు."

"మాట్లాడితే నేల కదులుతుందా?"

"మీరు కాళ్ళతో మాట్లాడతారు." క్లిక్.

తొమ్మిది. పది. పదకొండు. పిన్ని బొమ్మలా ఉంది. అసలు ఆవిడ ఈ ఇంట్లోకి వచ్చాక కదిలింది గొళ్ళెం ఒక్కటే.

ఇరవై రెండో ఫొటో దగ్గర వంటింటి తలుపు తెరుచుకుంది. అమ్మ గుమ్మంలో నిలబడింది. ఉత్త కాళ్ళతో, చప్పుడు లేకుండా. నేల అదరకూడదన్న సంగతి విన్నట్టుంది. నోరు అదరకూడదన్నది మాత్రం విననట్టుంది.

"ఇంటి కోడలు మసి పూసుకుని మగాళ్ళ మధ్య తిరిగితే బాగుండదన్నావు. గుర్తుందా?"

"వదినా, అది అప్పటి కాలం..."

"అప్పటి దాకా ఆరేళ్ళు తిరిగానుగా. అప్పుడు బాగుంది. మీ అన్నయ్య పోగానే బాగుండకుండా పోయింది."

"నీ మంచికే చెప్పాను!"

"నా మంచి నీకు తెలిస్తే, మర పళ్ళు ఎందుకు ఏటవాలుగా ఉంటాయో కూడా తెలుసుండాలి. చెప్పు. రూపకర్తవి కదా. ఎందుకు వాలుగా ఉంటాయి?"

బాబాయి కుడికాలు నేలకేసి తన్నాడు. "నేను పరీక్ష రాయడానికి రాలేదు!"

తెర మీద మర గజగజలాడింది.

"అయిపోయింది," అంది ఫొటోగ్రాఫరు చాలా మెత్తగా. "మళ్ళీ ఒకటి నుంచి. ఈసారి ఎవరు మాట్లాడినా మెడ పట్టి బయటికి పంపుతాను. మర మెడ కాదు."

ఆ తర్వాత ముప్పై ఆరు క్లిక్కుల పాటు ఆ ఇంట్లో ఎన్నడూ లేనంత నిశ్శబ్దం. తిట్టుకోవడానికి వచ్చిన నలుగురు మనుషులు ఊపిరి కూడా వంతులేసుకుని పీల్చారు. అమ్మ మరిదిని చూసింది. మరిది గోడని చూశాడు. పిన్ని అందరినీ చూసింది.

అతికింపు పూర్తయ్యేసరికి నాలుగూ పది. ల్యాప్‌టాప్ తెర నిండా పళ్ళచక్రం. ఇరవై నాలుగు పళ్ళు, ఒక్కటే వాలు, పొద్దుతిరుగుడు పువ్వులో గింజలు పేర్చినట్టు. చుట్టూ ఇత్తడి అంచు. అంచు మీద ఆ గోరంత మచ్చ, ఇప్పుడు అరచేయంత.

బాబాయి వంగి చూశాడు.

"అబ్బ," అన్నాడు. "అమ్మడూ, చెయ్యి కాదే నీది, మంత్రం. రోజూ చూసే వస్తువు, ఇలా ఉంటుందని నాకే తెలీదు." తర్వాత వేలు తెర మీదకి వెళ్ళింది. "ఇక్కడ ఈ గీతలేమిటి, చుక్కలేమిటి? కంప్యూటర్లో చెరిపెయ్యి."

"ఒకసారి చెరిపింది చాలదా బాబాయ్?"

"ఏంటి?"

"నాకు ఎనిమిదేళ్ళప్పుడు చెరిపారు. ఇప్పుడు నా చేత చెరిపిస్తారా? ఇవి మా అమ్మ చుక్కలు. మీరు గీకేసిన చుక్కలు. పాపం, సరిగ్గా గీకడం కూడా రాలేదు మీకు, అడుగున మిగిలిపోయాయి. ఈ ఫొటో ఇలాగే వెళ్తుంది. లేదంటే పేజీ ఖాళీగా వెళ్తుంది."

బాబాయి మొహంలో కోపం రాలేదు. అయోమయం వచ్చింది. అది ఫొటోగ్రాఫరుకి నచ్చలేదు. కోపం అయితే బాగుండేది.

"నేను గీకానా?" అన్నాడు. "దేంతో?"

"ఆకురాయితో!"

"ఆయనా?" అంది పిన్ని.

అందరూ తిరిగి చూశారు. పిన్ని గొంతు ఎలా ఉంటుందో మర్చిపోయిన మనుషులు గుర్తు తెచ్చుకున్నారు.

"ఆకురాయికి ఏ కొస పిడో ఆయనకి తెలీదమ్మా," అంది పిన్ని. "షాపులో ఆయన పట్టిన పనిముట్టు పెన్ను ఒక్కటే. మా ఇంట్లో మేకు కొట్టాలన్నా మనిషిని పిలుస్తాం."

ఫొటోగ్రాఫరు జవాబు చెప్పడానికి నోరు తెరిచి, చూపు మాత్రం తెర మీద నిలిపింది. గీతలు. ఒత్తుగా, ఒకే తీరుగా, ఒకే ఒడుపుతో. అలవాటైన చెయ్యి. గీతలన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. వాటి కింద పళ్ళు. పళ్ళూ ఎడమకే వాలి ఉన్నాయి.

రెండూ ఒకే చెయ్యి.

ఆమె తలెత్తి అమ్మని చూసింది. అమ్మ గరిట పట్టినా, సూది పట్టినా, కూతురి వీపు మీద ఒకటి వేసినా, ఎడమచేత్తోనే.

"అమ్మా, ఒక్కసారి లోపలికి రా."

ఈసారి గడియ వేసింది కూతురు.

"నువ్వే గీకావు."

అమ్మ కుళాయి తిప్పి, గ్లాసులో నీళ్ళు పట్టుకుని, సగం తాగింది. "కెమెరా మంచిదే," అంది.

"ఇన్నేళ్ళూ బాబాయి గీకాడన్నావు!"

"నేనెప్పుడు అన్నాను? గీకేసి ఉందన్నాను. నువ్వే ఆయన్ని అనుకున్నావు."

"అనుకుంటుంటే కాదనలేదు!"

"లేదు," అని ఒప్పుకుంది అమ్మ. గ్లాసు గట్టు మీద పెట్టింది. "మా పనివాళ్ళలో చుక్క కొట్టడానికి ఎంత విలువో, గీకడానికీ అంతే విలువ. పని కుదిరిందనుకుంటే గుర్తు కొడతాం. తర్వాత తప్పు బయటపడితే, కొట్టినవాళ్ళే తమ చేత్తో గుర్తు గీకేసి తుక్కు డబ్బాలో పడెయ్యాలి. ఇంకొకరు గీకకూడదు. గీకిన మచ్చ కనిపించిందంటే ఆ వస్తువు ఎవరూ ముట్టుకోరు. చేసినవాళ్ళే వద్దనుకున్నదని అర్థం."

"అంటే... ఆ మర..."

"తుక్కు."

ఫొటోగ్రాఫరు గ్యాసు సిలిండరు మీద కూలబడింది.

"ఇది అసలు మర కంటే ముందు చేసింది. ఒక పన్ను పొట్టి. గింజ జారిపోతుంది, పొడి పలుకులు పలుకులుగా వస్తుంది. మీ నాన్న పోయిన నెలకి మీ బాబాయి వచ్చి, 'తొలి మర షాపులో ఉండాలి వదినా, ఇచ్చెయ్యి' అన్నాడు. మర ఇచ్చెయ్, పని మానెయ్, రెండూ ఒక్క కాఫీ తాగే లోపల చెప్పాడు. సరే అన్నాను. తుక్కు మీద గుర్తు గీకి ఇచ్చాను. మురిసిపోతూ పట్టుకెళ్ళాడు. అద్దాల బీరువా చేయించి, లోపల దీపం కూడా పెట్టాడట."

"మరి అసలుది?"

"కుట్టుమిషను కింద చెక్కపెట్టెలో. నీ చిన్నప్పటి గౌన్ల అడుగున."

హాల్లోంచి మాటలు వినపడుతున్నాయి. పిన్ని గొంతు, తక్కువ స్వరంలో, ఆగకుండా. బాబాయి గొంతు మధ్యమధ్య ఒక్కో ముక్క.

"ముప్పై ఏళ్ళు కాచుకున్నాను," అంది అమ్మ. కళ్ళల్లో తడి లేదు, తళుకు ఉంది. "ఎవడైనా పనివాడు లోపలికి తొంగి చూడకపోతాడా అని. అద్దం అడ్డం. ఎవరూ చూడలేదు. ఇప్పుడు వాళ్ళే పుస్తకం వేస్తున్నారు. వాళ్ళే పేజీ అంత బొమ్మ వేస్తున్నారు. ఆదివారం పాత టర్నర్లందరూ వస్తారు. మొదటి పేజీ తిప్పుతారు. మచ్చ చూస్తారు. పొట్టి పన్ను చూస్తారు. కింద 'రూపకర్త' అని ఆయన పేరు చూస్తారు. నేనొక్క మాట అనక్కర్లేదు. వాళ్ళు నవ్వుతారు. అంతే. ఆ నవ్వు ఆయన ఎంత మెరుగు పెట్టినా పోదు."

ఆకురాయి ముప్పై ఏళ్ళుగా నూరింది కాఫీ కాదు. ఇంత మెత్తని పొడి ఏ మరలోనూ రాదు.

ఫొటోగ్రాఫరుకి ముందు నవ్వొచ్చింది. తర్వాత సిలిండరు మీంచి లేచి నిలబడింది. తను వేసుకున్న పథకం అమ్మ పథకం పక్కన పలక మీద రాసుకున్న అఆల్లా ఉంది.

"నాకెందుకు చెప్పలేదు? ఎనిమిదేళ్ళప్పటి నుంచీ ఆ మనిషి మొహం చూస్తే నా ఒళ్ళు మండేది. చెయ్యని పనికి."

"చేసిన పనులు చాలవా మండడానికి?"

"చెప్పొచ్చుగా అమ్మా!"

"చెబితే ఇంత దగ్గరగా తీసేదానివా?"

అమ్మ చేతిలో తనూ ఒక పనిముట్టేనా అన్న అనుమానం ఒక్క క్షణం కూతురికి గుచ్చుకుంది. గుచ్చుకున్నదాన్ని పక్కకి తోసేసింది. పళ్ళు నూరడం నేర్పిన తల్లి దగ్గర పళ్ళు లెక్కపెట్టడం దేనికి?

"పంపించెయ్," అంది అమ్మ. "టైమెంతయింది?"

నాలుగున్నర. ఫోన్లోకి ముందే దింపుకున్న ఫొటో అక్కడి నుంచే ప్రెస్సుకి వెళ్ళిపోయింది. తల్లీకూతుళ్ళిద్దరూ గ్యాసు పొయ్యి ముందు నిలబడి ఫోను తెర మీద చిన్న గీత చివరి దాకా నిండడం చూశారు. నిండింది. అమ్మ కూతురి బుగ్గ మీద ఎడమచేత్తో తట్టింది. ఫొటోగ్రాఫరుకి గుర్తున్నంతలో అలా తట్టడం అదే మొదటిసారి.

గడియ తీసి బయటికి వచ్చేసరికి హాల్లో బాబాయి కూర్చుని ఉన్నాడు.

అదే వింత. ఆయన కూర్చున్నాడు, పిన్ని నిలబడింది. చేతిసంచి సోఫాలో పక్కకి వాలి ఉంది. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అద్దాలకి ఏమీ లేదు.

"వదినా," అన్నాడు. "నేను ఆ చుక్కలు గీకలేదు. ఒట్టు. ఎవరు గీకారో నాకు తెలీదు."

అమ్మ బల్ల దగ్గర ఆగింది.

"కానీ గీకినట్టే లెక్క. నీ తోడికోడలు ఇప్పుడు అదే అంటోంది. నేను గీకకపోయినా ముప్పై ఏళ్ళు అరగదీశానట. పళ్ళు ఎందుకు వాలుగా ఉంటాయని అడిగావు. నాకు తెలీదు. తెలీదని ఇవాళ దాకా ఎవరితోనూ అనలేదు. ఈ మరకి బహుమానం ఇచ్చినవాళ్ళు అడిగితే పొడి బాగా వస్తుందని చెప్పాను."

"వేడెక్కకుండా," అంది అమ్మ, తెలియకుండానే. "గింజ వేడెక్కితే చేదెక్కుతుంది."

"ఆఁ," అన్నాడు బాబాయి. "అది." ఫోను తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, బల్ల మీద మర పక్కన పెట్టాడు.

"సార్, ఫొటో వచ్చేసింది!" ప్రెస్సు ఆయన గొంతు హుషారుగా ఉంది. "అదిరిపోయింది సార్. పేజీలో పెట్టేశాం. అచ్చుకి వెళ్ళిపోనా?"

"ఆగండి. కింద పేరు మార్చాలి."

ఫొటోగ్రాఫరు అమ్మ వైపు చూసింది. అమ్మ కదలలేదు.

"రూపకర్త నేను కాదు. మా వదిన. తన చేత్తో చేసింది. ముప్పై ఏళ్ళు ఆలస్యమైంది, ఇంకో పావుగంట మీరు ఓపిక పట్టండి." బాబాయి లేచి, ఫోను రెండు చేతులా పట్టుకుని, వదిన ముందు పెట్టాడు. "నీ నోటితోనే చెప్పు వదినా. ఇంటిపేరుతో సహా. ఆదివారం వేదిక మీద కూడా నువ్వే. పుస్తకం మొదట నీ చేతికే."

"చెప్పండమ్మా, రాసుకుంటున్నాను," అంది ఫోను.

వంటింట్లో కుళాయి సరిగ్గా కట్టలేదు. చుక్క పడుతోంది. ఒకటి. ఇంకొకటి.

ఫొటోగ్రాఫరు ఆదివారాన్ని ముందే చూసేసింది. కుర్చీల వరసలు. ముసలి టర్నర్ల చేతుల్లో పుస్తకాలు. మొదటి పేజీ. మచ్చ, పొట్టి పన్ను, కింద అమ్మ పేరు. చేసినమ్మే గీకేసిన తుక్కు కింద చేసినమ్మ పేరు. ఆ నవ్వు పుడుతుంది. పుట్టి, వేరే గుమ్మంలోకి, అమ్మ గుమ్మంలోకి వెళ్తుంది.

కాదని చెప్పాలంటే అసలుది ఉందని చెప్పాలి. అసలుది ఉందంటే, ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడ్డ ఈ మనిషికి ముప్పై ఏళ్ళ కిందట ఏం అంటగట్టిందో చెప్పాలి. ఆయన తల వంచిన ఈ నిమిషంలోనే చెప్పాలి.

"అమ్మా? పేరు?"

అమ్మ పెదవులు తడుపుకుంది. తన పేరు ఆ పేజీలో పడాలని ఆమె ఎన్ని వేలసార్లు అనుకుని ఉంటుందో కూతురికి తెలుసు. ఆ పేరు ఇప్పుడు నాలుక చివర ఉంది.

"అది," అంది అమ్మ, "నాది కాదు."

బాబాయి చేతుల్లో ఫోను కిందికి దిగింది.

"కాదా?" అన్నాడు. "ముప్పై ఏళ్ళు నాది నాదని మా ఇంటి గుమ్మం తొక్కలేదు. అన్నయ్య సంవత్సరీకానికి పిలిస్తే రాలేదు. నీది కాదా?"

"కాదు."

"ఇప్పుడు ఇస్తుంటే కాదా? నా చేత్తో ఇస్తే అంత అంటరానిదైపోయిందా వదినా?" ఆయన గొంతు పగిలింది. ఈసారి అది కోపమే.

"సార్," అంది ఫోను ఇబ్బందిగా, "అయితే ముందున్న పేరే ఉంచెయ్యమంటారా? పావుగంటే ఉంది."

ఔనంటే అమ్మ గెలిచినట్టు. ముప్పై ఏళ్ళ ఆశ బెత్తెడు దూరంలో. ఫొటోగ్రాఫరుకి అమ్మ మొహంలో గెలుపు ఎక్కడా కనిపించలేదు.

పిన్ని బల్ల దగ్గరికి వచ్చింది. తెల్ల కాగితాల గుడారం పక్కకి జరిపి, మరని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"బీరువా తాళం ఎప్పుడూ ఈయన దగ్గరే," అంది, మరతో మాట్లాడుతున్నట్టు. "ముప్పై ఏళ్ళూ నేను అద్దం తుడిచానంతే. దీన్ని పట్టుకోవడం ఇదే మొదటిసారి."

బొటనవేలు మెడలోకి పోనిచ్చింది. అంచు వెంట మెల్లగా తిప్పింది. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడికే వెళ్ళి ఆగింది.

అమ్మ మొహంలో రంగు పోయింది.

"మా నాన్న కూడా టర్నరే అక్కా," అంది పిన్ని, అమ్మకి మాత్రమే వినపడేటంత చిన్నగా. "నీకెప్పుడూ చెప్పే అవకాశం రాలేదు. గీకిన గుర్తంటే ఏమిటో నాకు తెలుసు."

"ఏమిటే? ఏమంటున్నావు? పైకి మాట్లాడు!" అన్నాడు బాబాయి.

పిన్ని భర్త వైపు తిరగలేదు. వేలు తీయలేదు.

"నేను చెప్పనా అక్కా?" అంది. "నువ్వే చెప్తావా?"